ముక్కుసూటి మనిషి

"ముందు మీరు చూడండి పెదనాన్నా," అంటూ తమ్ముడి కూతురు కాగితప్పట్టీని నూనెలో ముంచి అతని చేతికిచ్చింది.

అతను పట్టీని ముక్కు కింద రెండుసార్లు ఆడించాడు. ఏదో పెద్ద విషయం తేల్చుకుంటున్నవాడిలా కళ్లు మూసుకుని, ఓ కన్ను కాస్త తెరిచి అమ్మాయి మొహంలోకి చూశాడు. ఆమె కూడా తన పట్టీ వాసన చూస్తోంది. కనుబొమ ముడిపడలేదు. అంటే సరిగ్గానే ఉన్నట్టు.

ఒంటినొప్పుల నూనెలు చేసే ఆ కంపెనీలో ఇరవై రెండేళ్లుగా వాసన చూడటమే అతని ఉద్యోగం. అందరూ అతన్ని ముక్కుసూటి మనిషి అనేవారు, రెండర్థాలూ కలిపి. ఆ నూనెల్లో కలిపే లవంగనూనెలో ఘాటంతా అందులోని రసాయనం యూజెనాల్‌ది. మోతాదులో ఉంటే నొప్పి లాగేస్తుంది, మించితే తోలు లేచిపోతుంది. అందుకే ఇంత శాతం దాటకూడదని ప్రభుత్వం నిబంధన పెట్టింది. ఆ శాతం కొలిచే యంత్రం రెండు నెలలుగా మరమ్మతులో ఉంది. అది వచ్చేదాకా అతనూ, వాళ్లింట్లోనే ఉంటూ అక్కడే పనిచేస్తున్న ఈ అమ్మాయీ ఇద్దరూ వాసన చూసి, ఇద్దరూ సంతకం పెట్టాలని మేనేజరు తేల్చేశాడు.

సరిగ్గా అప్పుడే ఇంటిల్లిపాదికీ జ్వరమొచ్చింది. అది పోతూ పోతూ అతని ముక్కును కూడా పట్టుకుపోయింది. ఎవరికీ చెప్పలేదు. వాసన తెలియనివాడికి ఈ గదిలో కుర్చీ ఎవరిస్తారు? మొన్న ఇంట్లో పాలు అడుగంటి మాడిపోతుంటే పక్కనే కూర్చుని పేపరు చదువుకున్నాడు. ఎదురుగా ఉన్న ఈ అమ్మాయేమో ఫోనులో తల దూర్చేసింది. అతని భార్య పరిగెత్తుకొచ్చి ఇద్దర్నీ కలిపి దులిపేసింది.

మేనేజరు తలుపు తోశాడు. "లారీ ఆగి ఉందండీ. అయిందా?"

"ఒక్క నిమిషం."

"ఇంకో మాట. పోయిన నెల సరుకు రాసుకుని ముగ్గురికి ఒళ్లు బొబ్బలెక్కిందట. ఒకావిడ ఆసుపత్రిలో ఉంది. మధ్యాహ్నం ఇన్‌స్పెక్టరు వస్తున్నాడు. మీ ఇద్దరి సంతకాలూ ఉన్నాయి కాబట్టి నాకేం భయం లేదు," అని వెళ్లిపోయాడు.

అతను లేచి కిటికీ దాకా వెళ్లాడు, మళ్లీ వచ్చి కూర్చున్నాడు. పెన్ను మూత తీశాడు, పెట్టాడు, తీశాడు.

"సంతకం పెట్టెయ్యనా?" అంది అమ్మాయి.

"నీకేమనిపించింది?"

"మీకు తెలియంది నాకేం తెలుస్తుంది? మీరెలా అంటే అలా."

ఈ పిల్ల మర్యాద ఇవాళ ప్రాణం తీసేలా ఉందనుకున్నాడు. ఆసుపత్రిలో ఉన్న ఆ ఎవరో ఆవిడ కళ్లముందు నుంచి కదలడం లేదు. సిగ్గుతో తల వాలిపోయింది.

"పెట్టకు," అన్నాడు. "ఈ సరుకు కదలదు. పోయిన నెలది కూడా వెనక్కి తెప్పించాలి. నాకు ముక్కు పనిచెయ్యడం లేదమ్మా. రెండు నెలలైంది. కుర్చీ పోతుందని దాచాను. నీ కనుబొమ ముడిపడితే ఘాటెక్కువని, పడకపోతే సరేనని దాటించేశాను. ఇన్‌స్పెక్టరుకు నేనే చెబుతాను. నీ మీదికి రానివ్వను. నీ ముక్కునే నమ్ముకున్నాను, తప్పంతా నాదే."

చెప్పేశాక గుండె తేలికపడింది. అమ్మాయి స్టూలు లాక్కుని కూలబడింది.

"ఆ జ్వరం నాకూ వచ్చిందిగా. నేను మీ మొహం చూసే పెట్టాను, పెదనాన్నా."