సోమవారంలోగా

కుక్కర్ రెండో కూత వేసేసరికి వంటింటి గుమ్మంలో మడుగు కట్టింది. దాని మధ్యలో రెండేళ్ల శంకర్, తడిసిన చెడ్డీతో, అమ్మకేసి చూసి నవ్వుతున్నాడు.

"ఇప్పటిదాకా కూసోబెట్టేను కదరా," అంది సత్యశ్రీ. వాడి ఉచ్చకని కొన్న బాతు బొమ్మ కుర్చీ మాత్రం పొడిగా ఉంది.

"ఆడికింకా టైం రానేదేమో," అన్నాడు వెంకటేష్, డ్యూటీకి బూట్లు వేసుకుంటూ.

"ఎప్పుడొత్తాది? సోమవారం నా సెలవైపోతాది. కూసోబెడితే పొయ్యాలట, లేపోతే మా కంపెనీ పిల్లల క్రెష్‌లో తీసుకోరు. నాను ఉద్యోగం మానీసి కూకోవాలా?"

సత్యశ్రీది అచ్యుతాపురంలో కుట్టుమిషను పని. ఐదో నెలలోనే కొడుకుని భీమిలిలో అత్తగారు తాయారు దగ్గర వదిలి పనికెళ్లింది. ఆవిడకి కంటి ఆపరేషన్ కావడంతో పదిహేను రోజుల కిందట తెచ్చుకుంది.

"మాయమ్మకోసారి ఫోన్ సెయ్యి."

"పదేను రోజులు సూడనేకపోయిందని ఈధంతా సెప్పుకోడానికా? చెడ్డీ నేకుండా ఇసకలో తిప్పింది ఆవిడ. ఇంకేటి నేర్పుంటాది?"

అసలు భయం మొగుడికి చెప్పలేదు. పిల్లాడు గంటలు గంటలు పొడిగానే ఉంటాడు, ఉన్నట్టుండి వదిలేస్తాడు. భీమిలి నుంచి తెచ్చిన రోజు మద్దిలపాలెంలో బస్సు బుస్సుమని ఆగగానే ఒళ్లో పోసేశాడు. బీచ్‌లో సోడా కొట్టించుకుంటుంటే అక్కడా అంతే. ఉలిక్కిపడడు, ఏడవడు. నరాల జబ్బా? వెన్నుపూసలో ఏమైనా ఉందా? ఆలోచించినకొద్దీ ఆమెకి అన్నం దిగడం లేదు.

శనివారం ఎవరికీ చెప్పకుండా పిల్లల డాక్టరు ఫెబా దగ్గరికి తీసుకెళ్లింది.

"ఎంతసేపు పొడిగా ఉంటాడు?"

"రెండు గంటలు, ఒక్కోసారి మూడు."

"తడిసిన చెడ్డీ ఉంచుకుంటాడా?"

"లాగి పారేత్తాడు మేడం."

"చెప్పిన పని చేస్తాడా?"

"గ్లాసు తెమ్మంటే తెత్తాడు. మాట బాగా వింటాడు. ఈ ఒక్క విషయంలోనే వినడు."

డాక్టరు పిల్లాడి వెన్ను తడిమింది, కాళ్లు ఆడించింది, పరీక్షలన్నీ చేయించింది. "ఏ జబ్బూ లేదమ్మా. ఇవన్నీ నేర్పడానికి వేళయిందని చెప్పే గుర్తులే. తిట్టకుండా, తొందరపెట్టకుండా మొదలెట్టండి. మిమ్మల్ని చూస్తే మీకే బీపీ చూడాలనిపిస్తోంది."

సత్యశ్రీ చేతికి పట్టీ చుట్టి, గాలి కొట్టి, వదిలింది. పక్కనే నిలబడ్డ శంకర్ నేల తడిపేశాడు.

"సూసేరా మేడం?"

"చూశాను. మీ బీపీ కూడా బాగానే ఉంది," నవ్వింది డాక్టరు.

బయట మెట్ల మీద కూలబడి, కొంగుతో కళ్లు తుడుచుకుంది సత్యశ్రీ. జబ్బు లేదు. పదిహేను రోజుల తర్వాత ఊపిరి నిండా పీల్చుకున్నట్టయింది. ఉద్యోగం పోతే పోనీ అనుకుంది. ఇల్లు చేరేలోపు మళ్లీ సోమవారం గుర్తొచ్చింది.

ఆదివారం పొద్దున్నే, పిలవకుండానే, నల్లద్దాలు పెట్టుకుని దిగింది తాయారు. మనవడు పరుగెత్తుకెళ్లి ఆవిడ మోకాళ్లు పట్టుకున్నాడు.

"ఈ బాతేటే?"

"ఉచ్చకి కూసోడం నేర్పుతన్నాం అత్తా. డాక్టరుగారు ఇప్పుడు మొదలెట్టమన్నారు."

"మళ్లీ నేర్పడవేటి? ఎనిమిదో నెల్లోనే నేర్పీసేను. నాకాడున్నన్నాళ్లు ఒక్క గుడ్డ తడిపేడా ఈడు? నానంటేనే పోసీవోడు."

సత్యశ్రీకి నమ్మకం కుదరలేదు. "పొద్దుట్నించీ పొయ్యిరా పొయ్యిరా అని నా గొంతు పోతంది. నువ్వేటంటావు?"

తాయారు బాత్రూంలో పీట వేసుకుని కూర్చుంది. కాళ్లు చాపి, రెండు పాదాల మీద మనవణ్ణి కూర్చోబెట్టుకుంది. వాడు బుద్ధిగా కూర్చుని, ఆవిడ నోటికేసి చూశాడు. ఒక్క చుక్క పడలేదు.

"సూసేవా, ఇంతే," అంది సత్యశ్రీ.

"ఉండవే, ఇంకా సెప్పనేదు కదా."

తాయారు వంగి, వాడి చెవిలో "స్‌స్‌స్‌స్…" అంది. ధార మొదలైంది; సత్యశ్రీ వంటింట్లో కుక్కర్ కేసి తిరిగి చూసింది.