కార్డు లేని పిల్ల

"టీకాల కార్డు ఏదమ్మా?" అడిగింది నర్సు.

బాబు తల్లి సంచీని బల్ల మీద బోర్లించింది. పాలసీసా, డైపర్లు, జత లేని మేజోడు, సగం కొరికిన బిస్కెట్టు. కార్డు తప్ప అన్నీ ఉన్నాయి.

"ఇల్లు మారామండీ. ఏ అట్టపెట్టెలో పడిందో ఏమో!"

"ఏవి పడ్డాయో తెలియకుండా ఎలా వేసేది? కనుక్కోండి. ఈలోగా ఇంకొకరిని చూస్తాను."

బాబు తల్లి బయట హాల్లో కూర్చుని మొగుడికి ఫోన్ చేసింది.

"కార్డెక్కడ పెట్టావ్?"

"నేనా? వాడివన్నీ నువ్వే కదా చూసేది!"

"అవును. మోసింది నేను, కన్నది నేను, కాగితాలు దాచేదీ నేనే. నువ్వెందుకు, ఇంటిపేరివ్వడానికా?"

ఫోన్ పెట్టేసింది. చంకలో బాబు గుక్కపట్టాడు. ఆమెకి తల ప్రాణం తోకకొచ్చింది.

"కార్డు పోగొట్టుకోకూడదమ్మాయ్."

పక్క కుర్చీలో నలభై దాటినావిడ. ఒళ్లో ఏడాది పాప.

"పోవాలని ఎవరూ పోగొట్టుకోరండీ!"

"అది కాదమ్మా. బంగారం పోతే మళ్లీ కొనుక్కోవచ్చు. ఇది పోతే..."

"అబ్బబ్బ! తెలుసండీ!"

"ముందు టీకాలు వేయించిన ఆస్పత్రికి ఫోన్ చేసి అడుగు. వాళ్ల దగ్గర రాసుంటుంది."

మాట మంచిదే. పుండు మీద కారం చల్లిన నోటి నుంచే వచ్చింది కాబట్టి రుచించలేదు.

ఇంతలో కౌంటర్లో కొత్త గుమాస్తా ఆవిడని పిలిచాడు.

"పాప పుట్టిన తేదీ?"

ఆవిడ తడబడింది. "వానాకాలంలో అనుకుంటా బాబూ... సరిగ్గా తెలీదు."

బాబు తల్లి ఇక ఆగలేకపోయింది.

"సొంత బిడ్డ పుట్టిన తేదీ తెలీదు గానీ, ఊళ్లోవాళ్లకి పాఠాలు!"

హాలంతా వింది. ఎవరో కిసుక్కున నవ్వారు.

ఆవిడ పాపనెత్తుకుని లోపలికెళ్లింది. పాప కెవ్వుమంది. ఆ ఏడుపు ఆగకముందే ఇంకోసారి కెవ్వుమంది. కాసేపటికి పాపని భుజాన వేసుకుని, ఎవరి వంకా చూడకుండా బయటికెళ్లిపోయింది.

చేసేది లేక బాబు తల్లి పాత ఆస్పత్రికి ఫోన్ చేసింది. టీకాల వివరాలన్నీ ఫోన్‌కే పంపారు.

అవి చూసిన నర్సు మొహం విప్పారింది. "బతికించావు! ఇవాళ ఒక్కటే సూది."

"ఇందాకటావిడే చెప్పింది అడగమని. ఏం లాభం? తన పిల్ల సంగతే తనకి తెలీదు!"

నర్సు చేతిలో సూది ఆగిపోయింది.

"తన పిల్లయితే తెలిసేదమ్మా. ఎవరో వదిలేసిన పసివాళ్లని తెచ్చి పెంచుతుంది, ఈ పాప మూడోది."

బాబు తల్లి వీధి గుమ్మం వైపు చూసింది. అక్కడెవరూ లేరు.

"ఏవి పడ్డాయో చెప్పే తల్లి ఆ బిడ్డలెవరికీ లేదు కదా, అందుకని అన్ని సూదులూ మొదట్నుంచీ వేయించి, వాళ్లతో పాటు తనూ ఏడ్చి వెళ్తుంది."