పేరు రాయని గొంతు

"అరిచిందెవరో నాకు తెలియాలి, అంతే," అంది టామ్సిన్ పాస్కో.

అద్దె ఇంట్లో హీటరు వదిలిన విషవాయువు పీల్చి ఆమె కూతురు చనిపోయింది. అలాంటి ఇళ్లలో ఆ వాయువుని పసిగట్టే అలారం తప్పనిసరి చేసే బిల్లు మొన్న శుక్రవారం సభకొచ్చింది. ఎవరో ఒక్కరు "అభ్యంతరం!" అని అరిచారు. చర్చ లేకుండా పెట్టే బిల్లుకి ఒక్కరు అడ్డుచెప్పినా చాలు, అంతటితో అది పోయింది. అరిచినవాళ్లు కారణం చెప్పనక్కర్లేదు. పేరు రికార్డుకెక్కదు.

ఈ పద్ధతి మార్చాలా వద్దా అని లండన్‌లో పార్లమెంటు కమిటీ విచారిస్తోంది; ఇవాళ సాక్షి ఆమె. అక్కడ జరిగేది రాసుకునే గుమాస్తాని నేను.

"నేను కూర్చున్న సందర్శకుల గ్యాలరీలోకి గొంతొక్కటే వినబడింది," అంది టామ్సిన్.

"ఎవడో మనసులేనివాడు," అన్నాడు కమిటీ సభ్యుడు ఫెరర్స్, నీళ్ల గ్లాసు ఆమె ముందుకు జరుపుతూ. "తాగమ్మా. తొందరేం లేదు."

పొద్దుటినుంచీ ఆమెతో మెత్తగా మాట్లాడింది ఆయనొక్కడే.

అధ్యక్షురాలు గడియారం చూసింది. "ఈవిడకి ఇంకో ఐదు నిమిషాలిద్దామా? ఎవరికైనా..."

"అభ్యంతరం!"

ఫెరర్స్ కాగితాలు సర్దుకుంటూ, తలెత్తకుండానే అరిచాడు. అందులో కోపం లేదు, ద్వేషం లేదు. దగ్గు వచ్చినట్టు వచ్చింది.

"రైలుందమ్మా, ఏమనుకోకు," అన్నాడు మళ్లీ మెత్తగా.

టామ్సిన్ చేతిలో గ్లాసు ఆగిపోయింది. ఆయన మొహంకేసి చూసింది. తర్వాత నావైపు తిరిగింది.

"ఇదే గొంతు. మీరూ విన్నారుగా? పేరు రాయండి బాబూ."

ఫెరర్స్ నన్ను చూసి చిన్నగా నవ్వాడు. శుక్రవారం సభలో రాసిందీ నేనే. ఆ గొంతు ఎవరిదో నాకు అప్పుడే తెలుసు.

'ఒక సభ్యుడు అభ్యంతరం చెప్పారు' అని రాశాను.