నీళ్లు మార్చని తొట్టి

ఒకరింటి గాజుతొట్టిలో ఉప్పునీళ్లు, పగడాలు, ఒక చారల మగచేప, ఒక ఆడనత్త ఉండేవి. ఆ తొట్టికి నీళ్లు మార్చే అవసరమే వచ్చేది కాదు. చూడొచ్చినవాళ్లు మెచ్చుకుంటే చేప తోక విప్పి, "అంతా నా శుభ్రతే!" అనేవాడు. గాజుమీది నాచు గీకి తింటున్న నత్తను, "ఒసేయ్, చుట్టాలొచ్చారు, చాటుకి పో" అని కసిరేవాడు.

ఒకసారి రాతిచాటుకి పోయిన నత్త మళ్లీ బయటికి రాలేదు. గాజు పచ్చబడింది. పగడాలు ముడుచుకున్నాయి. యజమాని నీళ్లు తోడడానికి బకెట్టూ, చేపను పట్టడానికి వలా తెచ్చాడు. చేప రాతిదగ్గరికి పరుగెత్తాడు.

"ఏం స్వామీ, మీ శుభ్రత ఎటుపోయింది?" అంది లోపలినుంచి నత్త. "ఆ నాచంతా తమరి పెంట తినే పెరిగింది."

చేప తోక సిగ్గుతో ముడుచుకుపోయింది. బతిమాలి పిలుద్దామని నోరు తెరిచాడు. "ఒసేయ్" అనడానికి నోరు రాలేదు. ఒకే తొట్టిలో ఇన్నేళ్లు బతికినా, ఆవిడ పేరేమిటో ఏనాడూ అడగలేదు.