వరుసలో ఎలుగుబంటి

విమానాల వ్యవహారం ఈ కథ చెప్పేవాడికి కొట్టిన పిండి. ఎన్నిసార్లు ఎక్కి దిగాడో లెక్కే లేదు.

అందుకే చౌక టిక్కెట్టు సంగతి ముందే చెబుతున్నాడు, వినండి. ఆ విమానంలో మనిషి ఎక్కడానికి ఒక ధర, సంచి ఎక్కడానికి ఇంకో ధర. కిటికీ పక్కన కూర్చుంటే ఒకటి, కాళ్ళు చాపుకుంటే మరొకటి. గాలి ఒక్కటే ఊరికే ఇస్తారు.

ఈ సంగతి తెలియకే ఒక దర్జీ కౌంటరు ముందు నిలువునా నీరైపోయింది.

ఆవిడ నాటకాల వాళ్ళకు వేషాలు కుట్టే మనిషి. నాటక సమాజం వాళ్ళంతా రైల్లో ముందే వెళ్ళిపోయారు. ఆఖరి కుట్లు ముగించి, వేషాలన్నీ ఒక బొజ్జ సంచిలో కుక్కి, తను విమానానికి వచ్చింది. ఆ సాయంత్రమే నాటకాల పోటీ.

“ఈ టిక్కెట్టుకి చేతిసంచి ఒక్కటేనండీ. దీనికి చార్జీ కట్టాలి,” అంది కౌంటరు అమ్మాయి.

“ఎంతమ్మా?”

అమ్మాయి చెప్పింది.

“నేను విమానం ఎక్కుతానన్నాను తల్లీ. కొంటానన్లేదు.”

“ముందే ఆన్‌లైన్‌లో కట్టుంటే సగంతో పోయేది. ఇక్కడ ఇంతే.”

“అంత నా దగ్గర లేదమ్మా.”

“అయితే సంచి వదిలేసి వెళ్ళండి. లేదంటే అన్నీ ఒంటిమీద తొడుక్కుని వెళ్ళండి. తొడుక్కున్నవాటికి చార్జీ లేదు.”

వెటకారంగానే అంది. వెనకున్నవాళ్ళు కిసుక్కున నవ్వారు.

నవ్వనివాడు ఒక్కడే. చంకలో గొడుగుతో దర్జీ వెనకే నిలబడి, ఇందాకటినుంచీ ఆవిణ్ణి ప్రశ్నలతో విసిగిస్తున్న పెద్దమనిషి.

“ఏం వేషాలు చెల్లెమ్మా?” అన్నాడు.

“మీకెందుకండీ? మీ పని మీరు చూసుకోండి,” అని కసిరింది దర్జీ.

కసిరిన నోటితోనే మళ్ళీ చెప్పుకుంది. ఏడుపొచ్చినప్పుడు ఎవరో ఒకరికి చెప్పుకోవాలి కదా.

“రాజు, రాణి, దాసి, రాక్షసులు, ఎలుగుబంటి. ఇవి చేరకపోతే నాటకమే లేదు. ఏటా ఒకే సమాజం వాళ్ళు కప్పు ఎగరేసుకుపోతున్నారట. ఈసారైనా వాళ్ళ పొగరు అణచకపోతే మావాళ్ళు సమాజం ఎత్తేస్తామంటున్నారు.”

“అణచాల్సిందే,” అన్నాడు గొడుగాయన. వంగి సంచి జిప్పు లాగాడు.

“ఏం చేస్తున్నారండీ?”

“ఆ అమ్మాయి దారి చెప్పింది కదా. నీ ఒక్కదాని ఒళ్ళు చాలదు. వరుసలో ఇన్ని ఒళ్ళు ఖాళీగా ఉన్నాయి.”

వెనక్కి తిరిగి గొంతెత్తాడు.

“అయ్యా, దిగేదాకా రాజ్యం ఖాళీ. రాజుగా ఎవరుంటారు?”

అందరూ ఫోన్లలోకి తలలు దించుకున్నారు. చివరికి ఒక బొద్దు వ్యాపారి గొంతు సవరించుకున్నాడు.

“మా ఆవిడ ఒప్పుకుంటే నేనుంటాను.”

“ఒప్పుకోను,” అంది ఆవిడ. కిరీటం తీసి తనే పెట్టుకుంది.

దాంతో కట్ట తెగింది. ఒక కోడలికి రాణి గౌను దక్కింది, ఆవిడ అత్తగారికి దాసి పావడా.

“ఈ ముచ్చట ఇంట్లో చెప్పకే,” అంది అత్తగారు.

“చెప్పను అత్తయ్యా. ఫొటో చూపిస్తాను.”

ఒక ప్లీడరు ఎలుగుబంటి తోలు అడిగి మరీ తీసుకున్నాడు. నల్లకోటు తనకు అలవాటేనట.

కౌంటరు అమ్మాయి లేచి నిలబడింది.

“ఇలా కుదరదండీ.”

“నువ్వు చెప్పినట్టే చేశాం తల్లీ,” అన్నాడు గొడుగాయన, రాక్షసుడి చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ.

అమ్మాయి ఎలుగుబంటి వంక చూసింది. ఎలుగుబంటి రెండు చేతులూ జోడించింది. అమ్మాయి పెదవి కొరుక్కుంది, అయినా నవ్వు ఆగలేదు. నాలుగు మడతలు పడిన ఖాళీ సంచిని తూకం మీద పెట్టి, “చేతిసంచే,” అంది.

తనిఖీ దగ్గర ఎలుగుబంటి తల తీయమన్నారు. లోపలినుంచి ప్లీడరు ముఖం టమాటాలా బయటపడింది. రాజూ రాణీ రాక్షసులూ వరుసగా మెట్లెక్కుతుంటే, కింద సామాన్లు మోసేవాళ్ళు బండ్లు ఆపి ఈలలు వేశారు.

లోపల ఎలా ఉందంటారా? అది మాత్రం అడక్కండి. ఈ కథ చెప్పేవాడు విమానాన్ని ఎప్పుడూ మెడ పైకెత్తే చూశాడు. మొదట్లో ఆ కాస్త కోత కోయకపోతే మీరు కూర్చుని వినేవారా?

దిగాక వేషాలన్నీ ఒక్కొక్కటే సంచిలోకి తిరిగొచ్చాయి. రాక్షసుడి చొక్కా అన్నిటికంటే ముందే వచ్చింది, కుట్టు నలగకుండా చక్కగా మడతపెట్టి. మనిషి మాత్రం లేడు. దర్జీ అటూ ఇటూ చూసింది. కసరడమే గానీ, ఒక మంచి మాట అనలేదని అప్పుడు గుర్తొచ్చింది.

సాయంత్రం నాటకం అదిరింది. ఎలుగుబంటి రాగానే జనంలోంచి ఆ ప్లీడరు లేచి నిలబడి, “అది నేనే,” అని అరిచాడు.

కప్పు ఈసారి దర్జీవాళ్ళ సమాజానికే వచ్చింది. సమాజం వాళ్ళు దర్జీని చెయ్యి పట్టుకుని వేదిక మీదికి లాక్కెళ్ళారు.

ఆ పోటీలో ఒక ఆచారం ఉంది. గెలిచినవాళ్ళకు కప్పు అందించాల్సింది ఏ పెద్దా కాదు, పోయినేడు గెలిచిన సమాజం నడిపే మనిషే. ఏళ్ళ తరబడి ఎవరికీ అందించే అవసరం రాని ఆ మనిషి, కప్పు పట్టుకుని తెర పక్కనుంచి వచ్చాడు.

దర్జీ చేతులు చాచింది. చాచిన చేతులు గాలిలోనే ఆగిపోయాయి.

“అన్నయ్యగారూ, మీరా?”

“జాగ్రత్త చెల్లెమ్మా, బరువుంది,” అన్నాడు గొడుగాయన నవ్వుతూ. “తిరుగు ప్రయాణంలో చార్జీ వేస్తారు.”

ఆయన ఆ మాట అన్నది నిజం. నవ్వుతూ అన్నాడన్నది ఒక్కటీ ఈ కథ చెప్పేవాడు కల్పించాడు.