బస్తా పట్టే వంతు

కరాటే శిక్షణ ముగిసి అందరూ ఇళ్లకు వెళ్లిపోయినా చెల్లెలు మాత్రం గొలుసుకు వేలాడే తోలు బస్తాను తన్నుతూనే ఉంది. తెల్లారితే పోటీ. ఆమె తన్నులో పస లేదని మాస్టారు సాయంత్రం మొహం మీదే అనేశారు.

బస్తా ఊగిపోకుండా అవతలి నుంచి వాటేసుకుని పట్టుకునేది అక్క. పట్టుకుని పట్టుకుని విసుగొస్తే దాని మీద రెండుసార్లు తడుతుంది. ఇక వంతు మారాలన్నమాట. అప్పుడు చెల్లెలు పట్టుకోవాలి, అక్క తన్నాలి.

"నీ తన్నుకి దోమ కూడా లేవదే! నేను బండి తీస్తా, నువ్వు తాళం వేసి రా," అంటూ అక్క బయటికి నడిచింది.

పట్టుకునే మనిషి లేక బస్తా ఒక్క తన్నుకే అంత దూరం ఊగింది. రెండో తన్నుకి ఊగలేదు. అక్క మనసు మార్చుకుని వచ్చిందనుకుంది చెల్లెలు. మడమ తిప్పి, నడుము విసిరి మళ్లీ తన్నింది. ఆ చప్పుడు గోడలన్నీ తిరిగి తీరుబడిగా వెనక్కి వచ్చింది. నీళ్లలో ఉన్నట్టు ఒళ్లు తేలిపోతోంది. ఇంత బలం ఇన్నాళ్లూ ఎక్కడ దాక్కుందో!

"ఇప్పుడెలా ఉందక్కా?"

గొలుసైనా కిర్రుమనలేదు.

వీధిలో హారన్ మోగింది. "ఎంతసేపే? నాకు నిద్రొస్తోంది!" అని బయటి నుంచి అక్క కేకేసింది.

బస్తా మీద అవతలి నుంచి ఎవరో మెల్లగా రెండుసార్లు తట్టారు.

ఏళ్ల అలవాటు. ఆలోచించేలోపే చెల్లెలి చేతులు బస్తాను వాటేసుకున్నాయి, చెంప చల్లటి తోలుకు ఆనింది. అవతల ఒక మడమ నేల మీద తిరిగిన చప్పుడైంది.