వేపనీడ చెక్‌పోస్టు

“వెనక సీట్లో ఆ పొడుగు సంచీలో ఏముంది?” జీపు కిటికీలోకి వంగి అడిగాడు ఎస్సై శివరామకృష్ణయ్య.

“తుపాకీ సార్,” అన్నాడు హంపన్న.

తూటా పేలలేదు గానీ మాట పేలింది. టీ తాగుతున్న కానిస్టేబుల్ గ్లాసు వదిలేసి రైఫిలు అందుకున్నాడు. ఇంకొకడు బారికేడును అడ్డంగా లాగి దాని వెనకే నక్కాడు. ఎస్సై చెయ్యి నడుమునున్న పిస్తోలు మీదికి పోయింది. హంపన్న రెండు చేతులూ స్టీరింగు మీదే ఉంచి కట్టెలా బిగుసుకుపోయాడు.

“లైసెన్సు ఉండాది సార్. జేబులో ఉండాది. తియ్యమంటేనే తీస్తా.”

“మెల్లగా. రెండు వేళ్లతో.”

కూరలో వేసే ఇంగువ తీసినంత జాగ్రత్తగా తీశాడు. పక్క సీట్లో కూర్చున్న భార్య సుంకలమ్మ వేరుశనక్కాయలు ఒలవడం ఆపి చూస్తోంది.

ఎస్సై అంటే అన్నిటికీ ‘ఎస్’ అనేవాడనుకునేరు. ఈయన పేరు ఎంత పొడుగో ఓపిక అంత పొట్టి. దంపతులను దింపించి, సంచీని వేపచెట్టు కింద ఉన్న బల్ల మీదికి తెప్పించి విప్పాడు. ఒంటి గొట్టం తుపాకీ, లోపల గుండు లేదు. గుండంతా హంపన్న గుండెలోనే ఉంది, దడదడమంటూ.

హంపన్న తన కథ గబగబా చెప్పేసుకున్నాడు. తనది హచ్చొళ్ళి. వరిమడిలో పడే అడివిపందుల్ని బెదరగొట్టడానికి ఈ తుపాకీ. ఎలక్షన్లు వచ్చినాయి కాబట్టి లైసెన్సు తుపాకులన్నీ స్టేషన్లో అప్పజెప్పాలని నోటీసు ఇచ్చారు. సిరుగుప్ప స్టేషన్లో ఈరోజు సాయంత్రం అయిదుకే ఆఖరు. కాలవ మీద వంతెన రిపేరులో ఉందని ఈ చుట్టుదారి పట్టాడు. గడువు దాటితే లైసెన్సు పోతుంది. లైసెన్సు పోతే పంట పందుల పాలే.

ఎస్సై అంతా విన్నాడు. లైసెన్సును వెలుతురుకు పట్టి మూడో పేజీ మీద వేలు పెట్టాడు.

“ఇది ఎక్కడ చెల్లుతుందని రాశారు?”

“కర్ణాటక రాష్ట్రం వరకూ సార్.”

“నేను ఎక్కడి ఎస్సైని?”

హంపన్న అప్పుడు చూశాడు బారికేడు మీద తెలుగు అక్షరాలను. ఏ రాష్ట్రం పోలీసు నిలబడితే ఆ నేల ఆ రాష్ట్రానిదే అని నమ్మే అమాయకుడతను.

“ఆంధ్రాలోకి ఎప్పుడొచ్చినామో తెలీలేదు సార్. స్వల్ప ముందుకొచ్చినట్టుండాం. వెనక్కి తిప్పుకుంటా.”

“ఈ కాగితం మీ ఊళ్లో లైసెన్సు. ఇక్కడ నేరానికి సాక్ష్యం. ఆయుధాల చట్టం కింద కేసు. తుపాకీ జప్తు, జీపు జప్తు, నువ్వు స్టేషనుకు.”

హంపన్న బల్ల అంచు పట్టుకున్నాడు. కానిస్టేబుల్ కాగితం తీసి పంచనామాకు సిద్ధమయ్యాడు. ఎండకు మాడిన మొహంతో, నిన్నటిదాకా ముందున్న ఆ రేకుల షెడ్డు కింద ఉడికిపోయాం సార్, పొద్దున పోస్టును ఈ నీడలోకి జరుపుకున్నాం గానీ లేకపోతే ఇవాళ రాయడానికి నేను మిగిలేవాణ్ణి కాదు అని గొణిగాడు.

సుంకలమ్మ చెట్టు వైపు చూసింది. రోడ్డు వైపు చూసింది. బారికేడు అవతల ఇరవై అడుగుల దూరంలో పసుపు కుంకుమలు పేరుకుపోయి ముద్దలా ఉన్న రాయి వైపు చూసింది.

“సారూ, ఆ అమ్మకు ఒక దండం పెట్టుకొని వస్తా. మొగుడు జైలుకు పోతాండాడు గదా,” అంది.

ఎస్సై చెయ్యి ఊపి, తొందరగా రమ్మన్నాడు. ఆడమనిషి మొక్కు, అడ్డుపడటమెందుకని.

ఆమె నీళ్ల సీసా పట్టుకుని పోయి రాయి ముందు కూర్చుంది. ఇక్కడ ఎస్సై చెప్తున్నాడు, కానిస్టేబుల్ రాస్తున్నాడు. ముద్దాయి పేరు, తండ్రి పేరు, తుపాకీ నెంబరు. హంపన్న చేతి గడియారం మూడుంబావు చూపిస్తోంది.

“స్థలం రాయి,” అన్నాడు ఎస్సై. “ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం, సరిహద్దు చెక్‌పోస్టు, వేపచెట్టు కింద.”

“రాసేముందు ఒకసారి ఈడికి రా సారూ,” అని పిలిచింది సుంకలమ్మ.

ఆమె కొంగు చివర పసుపు నీళ్లు కారుతున్నాయి. ఎస్సై విసుక్కుంటూనే వెళ్లాడు. వెనకే హంపన్న కూడా. ఏళ్ల తరబడి పేరుకున్న కుంకుమ కరిగి రాయి ఒళ్లు బయటపడింది. దాని మీద ఉలితో చెక్కిన గీత. గీతకు అవతల, రేకుల షెడ్డు వైపు, తెలుగులో ‘ఆంధ్రప్రదేశ్’. ఇవతల, వేపచెట్టు వైపు, కన్నడంలో ‘కర్ణాటక’.

“అమ్మోరు కాదు సారూ, గడికల్లు. హద్దు రాయి,” అంది ఆమె. “నేను ఆ పక్క ఊరిదాన్ని. పెండ్లయి అత్తగారింటికి వస్తా పొలిమేర దాటేది ఈడనే. మా ఆడోళ్లు దీనికే కాయ కొట్టి, బొట్టు పెట్టేది.”

ఎస్సై వెనక్కి తిరిగి చూశాడు. బల్ల, బారికేడు, జీపు, తుపాకీ, రాసుకుంటున్న కానిస్టేబుల్, చల్లటి నీడ. అన్నీ రాయికి ఇవతలే ఉన్నాయి.

పిస్తోలు మీద ఆనించుకున్న ఆయన చెయ్యి నెమ్మదిగా జారిపోయింది. సుంకలమ్మ కొంగు పిండుకుంటూ, గొంతు తగ్గించి, మర్యాదగానే అడిగింది.

“మా ఆయన లైసెన్సు చూపించినాడు. పొద్దున్నుంచీ మా కర్ణాటకలో పిస్తోలు కట్టుకొని తిరుగుతాండారే, మీది ఏది సారూ?”